మైనం మీద వేలిముద్రలు

తుపాకీ గొట్టానికి పూసిన మైనం ఆరుతూ పలచటి మంచులా తెల్లబడింది. ఆ తెలుపులో నాలుగు చిన్న వేలిముద్రలు కనపడ్డ క్షణాన నాకు మొదటిసారి భయమేసింది. అవి గొట్టం మీదే ఆగలేదు. వెనక్కి జరుగుతూ జరుగుతూ ట్రిగ్గర్ దగ్గరికి వెళ్లాయి. అక్కడ మైనం పూర్తిగా చెరిగిపోయి ఇనుము నల్లగా మెరుస్తోంది.

మజ్జిగ తాగడానికి లోపలికి వెళ్లిన మామగారు మీసాలు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయనా ఆ ముద్రలు చూశారు. ఆయన ముఖం కూడా పాలిపోయింది.

"ఎవర్రా దీన్ని ముట్టుకుంది? చెయ్యి చెమట తగిలితే తుప్పు పట్టుద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా మీకు!"

మా ఇంట్లో తుపాకీ చెమట పట్టని మహారాణి. ఎప్పుడో మామగారి తండ్రి పొలంలో అడవిపందుల కోసమని ఒంగోలు చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. పందులు ఇప్పటికీ వస్తాయి. మిరప చేలో పందుల్ని తోలేది మాత్రం చుట్టూ కట్టిన మా పాత చీరలు, రాత్రంతా కుక్కలా మొరిగే మైకు. పెళ్లయి వచ్చాక ఆ తుపాకీ ఒక్క పందిని బెదిరించడం కూడా నేను చూడలేదు. అది బెదిరించేది మమ్మల్ని.

ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. పోయినసారి తిరిగొచ్చినప్పుడు గొట్టం మీద ఎర్రటి చుక్కలు ఉన్నాయని మామగారు రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. స్టేషన్ గోడల చెమ్మను తిట్టారు గానీ, ఏటా ఆయుధపూజకు తడి గంధం, పసుపు, కుంకుమ పులిమేది తామేనని ఆయనకు తట్టలేదు. బీఎస్సీలో నేను చదివిన కెమిస్ట్రీ అక్కడ ఎవరికి కావాలి! మా ఆయన ఏదో వీడియో చూసి ఆన్‌లైన్‌లో మైనం పాలిష్ డబ్బా తెప్పించారు. అప్పటినుంచి దసరా మర్నాడు ఇంట్లో ఇంకో పండగ. తుపాకీని పొడిగా తుడవాలి. చిటికెడు మైనం మెత్తటి బట్టకు అద్ది, ఉందా లేదా అన్నంత పలచగా పూయాలి. ఆరాక రుద్దాలి. పాత పంచె ముక్క గరుకట, గీతలు పడతాయట. అందుకని మా అత్తగారు నాలుగేళ్ల మా వాడి బనియను చింపి ఇచ్చారు. వాడికి జ్వరం వచ్చినప్పుడు తడిగుడ్డ వేయడానికి బట్ట అడిగితే గోనెసంచి చూపించిన చేతులే అవి.

పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. రెండో తరగతి చదివే మా అమ్మాయిని దగ్గరికి పిలిచి, ఏం చేశారో చెప్పమన్నాను.

"తమ్ముడు ముట్టుకున్నాడు. నేను వంచి చూపించానంతే."

"వంచడం నీకెట్లా తెలుసు?"

"తాతయ్య చేసేటప్పుడు చూశా. అక్కడ నొక్కితే తూటా పెట్టే చోట మధ్యకి వంగుద్ది."

మామగారి కోపం ఎటు పోయిందో. "చూశావా అమ్మాయ్, నా మనవరాలు! మగపిల్లాడికి కూడా రాదు ఆ పట్టు."

"తూటాలు ఎక్కడున్నాయి మామయ్యగారూ?"

"ఎక్కడుంటాయి, దేవుడి దగ్గర. పూజలో పెట్టినవి ఇంకా తియ్యలేదు."

దేవుడి గదిలో కింది అరలో, పళ్లెంలో ఎర్రగా ఉన్నాయి. పక్కనే కలకండ డబ్బా. మా వాడు రోజుకు పదిసార్లు చెయ్యి పెట్టే చోటు.

వెనక్కి వచ్చి అడిగాను. "తుపాకీ తలుపు మూల నిలబెట్టి, మైనం డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారేంటండీ?"

"డబ్బా బయటుంటే పిల్లలు పాడు చెయ్యరూ?"

మా ఆయన ఫోన్ లోంచి తలెత్తి, "ఊరుకోవే, నువ్వు పుట్టకముందు నుంచీ నాన్న చూసుకుంటున్నాడు దాన్ని" అన్నారు. తుపాకీ గురించి అంటున్నారు. పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారో ఎవరూ అనలేదు.

పిల్లల ప్రాణం గురించి ఇంకా మాట్లాడితే మా పుట్టింటి ఊరెత్తి "తాడేపల్లి వాళ్లకి అన్నిటికీ భయమే" అని నవ్వుతారు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. కాబట్టి వాళ్ల భాషలోనే చెప్పాను.

"మామయ్యగారూ, పిల్లల చేతుల్లో ఎప్పుడూ ఉప్పుచెమటే. రోజూ రుద్దుతుంటే ఆ పలచటి మైనం ఎన్నాళ్లుంటుంది? అరిగిన చోట తుప్పు పట్టదూ? మూలనున్నంత కాలం ముట్టుకుంటూనే ఉంటారు."

ఆయన వెంటనే లేచారు. అంత చురుగ్గా ఆయన లేవడం మా అమ్మాయి మెట్ల మీంచి పడ్డప్పుడు కూడా చూడలేదు. నా పట్టుచీరలు మంచం మీదికి వచ్చాయి, రుద్ది మెరిపించిన తుపాకీ బీరువాలోకి వెళ్లింది. చెమ్మ పీల్చుకోవడానికి నా కొత్త హ్యాండ్‌బ్యాగులోని చిన్న పొట్లాలు కూడా ఇప్పించుకున్నారు. తూటాల్ని నేను వేరే గదిలో ట్రంకుపెట్టెలో పెట్టించి తాళం వేయించాను. వాటికి మైనం అక్కర్లేదు కాబట్టి ఆయన వాటి గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

రెండు తాళంచెవులూ ఆయన మొలతాడుకే ఉన్నాయి. స్నానానికి వెళ్తూ వాటిని గూట్లో పెట్టి మర్చిపోయే మనిషి ఆయన. ఆ ఆలోచనతో నాకు నిద్ర పట్టలేదు. వేలిముద్రలు ఆ ఒక్కసారే కనిపించాయంటే మైనం ఆరుతూ ఉండబట్టి. మిగతా రోజుల్లో ఎన్నిసార్లు పడ్డాయో ఎవరికి తెలుసు?

పొద్దున జడ వేస్తూ పిల్లల్ని అడిగాను: "తుపాకీ ముట్టుకుంటే ఏమవుద్ది?"

"తుప్పు పట్టుద్ది!" అన్నారిద్దరూ, బడిలో ఎక్కం చెప్పినట్టు.

"కాదు. తుపాకీకి ఏమీ కాదు. మీకవుతుంది. మనుషులు చచ్చిపోతారు. అది ఎక్కడ కనపడ్డా ముట్టుకోకుండా నా దగ్గరికి పరిగెత్తుకు రండి."

"తాతయ్య పిలిచి చూపిస్తేనో?" అంది అమ్మాయి.

"తాతయ్య పిలిచినా నా దగ్గరికే రండి. తాతయ్య తిడితే ఆ తిట్లు నేను పడతాను."