చెయ్యెత్తని తాత

మా సారంగపాణి తాత దగ్గితే ఢిల్లీలో కుర్చీలు కదులుతాయి. మా వాడ కాశిబుగ్గలో మాత్రం పిల్లి కూడా కదలదు. పగలంతా అరుగు మీద కళ్లు సగం మూసుకుని, లేని మగ్గం మీద తెగిన పోగులు అతుకుతున్నట్టు వేళ్లు కదిలిస్తుంటాడు. ఎన్నికల ప్రచారంలో డీజే, మందు ఉండకూడదంటాడు. ఆ పట్టుతోనే ఈసారి కార్పొరేటర్ టికెట్ కోసం, పార్టీ పెద్దలు నిలబెట్టిన కాంట్రాక్టర్ మీద పోటీకి దిగాడు. ఎవరికివ్వాలో కార్యకర్తలు చేతులెత్తి తేల్చాలి. కాంట్రాక్టర్ తనకు తానే చెయ్యెత్తుకున్నాడు. తాత మాత్రం కల కంటున్నట్టు పంచె అంచు నిమురుతూ కూర్చున్నాడు. ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

"నువ్వు గూడ చెయ్యెత్తుకుంటే సమానమైతుండె గదా తాతా! ఆయన ఎత్తుకున్నడు గదా?" అన్నాను.

"గందుకే గదనే వాని మీద నిలబడ్డది!"