బాపు ఊరూ, మా రోజువారీ బిల్డూ

పాత గేమ్ మెషీన్ల ఆటలను మామూలు కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. అలాంటిదొకటి, ముఖాలు చూసుకోని కొందరం కలిసి, జీతం భత్యం లేకుండా తీరిక వేళల్లో రాస్తున్నాం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. "ఇది నమ్మి వాడుకోండి" అని మేం స్టేబుల్ వెర్షన్ విడుదల చేసి ఇది జరిగేనాటికి మూడేళ్లయింది. ఏరోజు రాసిన కోడును ఆరోజే వాడుకునే ప్రోగ్రాముగా మార్చి, అంటే బిల్డు చేసి, బయట పెట్టేవాళ్లం. స్టేబుల్ ఎప్పుడని ఎవరైనా అడిగితే గయ్యిమని లేచేది నేనే. రోజూ తాజాది పెడుతుంటే పాచిదెందుకని దులిపేసేదాన్ని.

దబీర్‌పురాలో మా ఇంట్లో దాన్ని నాకంటే ఎక్కువ వాడేది మా నాన్న, బాపు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఊరు కట్టే ఆటొకటి పట్టుకుని ఎనిమిది నెలలుగా వదల్లేదు. బజారు, బడి, చుట్టూ రైలు లైను. ఆ ఆటలో సేవ్ చేయాలంటే నాలుగు మెనూలు దాటాలి. ఆయనకెందుకా తిప్పలని, ఒక్క మీటతో అంతా దాచేసే మా ఎమ్యులేటర్ షార్ట్‌కట్ నేర్పించాను. ఆట మెనూల్లో సేవ్ చేసింది ఏ బిల్డులోనైనా తెరుచుకుంటుంది గానీ, ఒక బిల్డులో ఇలా మీటతో దాచింది ఇంకో బిల్డులో తెరుచుకోకపోవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రోజూ పొద్దున చాయ్ తాగుతూ ఆయన కంప్యూటర్‌లో కొత్త బిల్డు వేసేదాన్ని. అదో ముచ్చట నాకు.

బాపు సైదాబాద్‌లో అక్క ఇంట్లో ఇరవై రోజులుండి వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఊరు తెరుచుకోలేదు.

"ఏంది బిడ్డా, పోయేటప్పుడు మంచిగనే ఉండె. నా ఊరు ఏడవోయింది?"

"కొత్త బిల్డ్ ఏసిన బాపు. ఫికర్ చెయ్యకు, సూస్త."

"నిన్నెవలు ఎయ్యమన్నరు?"

పాత బిల్డు దింపుకుందామంటే, జాగా చాలదని వారం దాటినవన్నీ మేమే తీసేస్తాం. ఆయన ఊరిని దాచిన తేదీ చూసి, ఆనాటి కోడుతో ప్రోగ్రామును మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాను. ఇది కుదిరితే అది కుదరక రెండు రోజులు పట్టింది. బాపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మా రైల్వేల లైన్ పని రోజూ నడుస్తది. గని టైం టేబుల్ రోజూ మారుస్తమా? ఏడాదికొక్కసారి అచ్చేస్తం. నువ్వు రోజుకొకటి ఏస్తే జనం ఏ బండెక్కాలె?"

మూడేళ్లుగా నాతో వాదించిన వాళ్లెవరూ నా నోరిలా మూయించలేదు. నిజంగా సిగ్గేసింది.

మూడో రోజు పొద్దున ఊరు తెరుచుకుంది. రైలు చుట్టూ తిరుగుతూనే ఉంది. బాపు "హమ్మయ్య" అనేలోగా నాలుగు మెనూలూ దాటి అసలు పద్ధతిలో సేవ్ చేశాను. ఆ మధ్యాహ్నమే మా గుంపుకు రాశాను: ఆరు నెలలకోసారి స్టేబుల్ విడుదల చేద్దాం, చేసినవి తీసేయొద్దు. అన్నాళ్లు ఆగి వాడే మనిషెవరని ఒకాయన అడిగాడు. మా బాపు అని జవాబిచ్చాను. లొల్లి నెల రోజులు నడిచి, ఆఖరికి సరేనన్నారు.

ఈ కొత్త పద్ధతిలో మొదటి స్టేబుల్ బయటికొచ్చిన రోజు బాపు ఆటలోనే ఉన్నాడు.

"బాపు, పక్కా వెర్షన్ వచ్చింది. ఎయ్యమంటవా?"

ఆయన్ని అలా అడగడం నాకదే మొదటిసారి. బాపు తల తిప్పి చూశాడు.

"ఆగు బిడ్డా."

నాలుగు మెనూలూ ఒక్కొక్కటే దాటి, సేవ్ చేసుకుని, కుర్చీలోంచి లేచి నాకు చోటిచ్చాడు.