చూడకుండా వేసిన పదకొండు

స్పృహలేని రోగుల వార్డులో ఆ నర్సుని అందరూ పెద్దక్క అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని, ఎవరికెంత స్పృహ ఉందో చూసి అంకె వెయ్యడం. కళ్ళకి నాలుగు, మాటకి అయిదు, కదలికకి ఆరు, మొత్తం పదిహేను. బొత్తిగా ఉలుకూ పలుకూ లేనివాడికి మూడు. ముందు పేరు పెట్టి పిలిచేది. పలక్కపోతే భుజం తట్టేది. అప్పటికీ కదలకపోతే గోటి మీద పెన్ను అడ్డంగా పెట్టి నొక్కేది. నిద్రపోతున్నట్టు కనిపించినా సరే, లేపి చూడాల్సిందే.

"పెద్దక్క పెన్ను తీసిందంటే పక్క మంచంవాడు కూడా చెయ్యి లాక్కుంటాడు," అనేది ఆయా.

చిట్టి అనే చిన్న నర్సుకి ఈ పని నేర్పింది పెద్దక్కే. ఎంత గట్టిగా నొక్కాలో తెలియడానికి ముందు తన గోరే నొక్కించుకుంది. మూడేళ్ళు తిరిగేసరికి చిట్టి ఏ అంకె చెబితే అదే ఖాయం, పెద్దక్క మళ్ళీ చూసేది కాదు.

ఆ వారం ఒక వడ్రంగి పరంజా మీంచి పడి, తలకి దెబ్బతో వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి పెద్దక్క అతనికి పదకొండు వేసి, చిట్టికి అప్పగించి ఇంటికెళ్ళింది. మూడింటికి పదకొండు, నాలుగింటికి పదకొండు అని కాగితంలో ఉంది. అయిదింటికి డాక్టరు చూస్తే ఆరు. తలలో రక్తం చేరింది. ఆపరేషన్ చేశారు గానీ, ఆలస్యమైపోయింది. మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు.

మర్నాడు హెడ్ నర్సు ఇద్దర్నీ పిలిచింది. "తప్పెవరిదో వాళ్ళు ఇక ఈ వార్డులో ఉండరు. చెప్పండి."

"మూడింటికి నొక్కి చూశాను మేడం, పదకొండే," అంది చిట్టి, నేల చూస్తూ. "నాలుగింటికి నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాళ్ళని లేపకు, పాత అంకే వెయ్యి అని పెద్దక్కే చెప్పింది."

పెద్దక్క ఆమె వైపు తిరిగింది. "మూడింటికి ఏ చెయ్యి నొక్కావే?"

"కుడిచెయ్యి. నువ్వు నేర్పినట్టే, ముందు కుడి."

హెడ్ నర్సు తలెత్తింది. వడ్రంగి కుడిచేతికి వేళ్ళు కూడా కనపడకుండా పిండికట్టు వేసి ఉంది.

"అంటే ఆ మంచం దగ్గరికే పోలేదన్నమాట!"

చిట్టి ఏడుపు లంకించుకుంది.

వరండాలో పెద్దక్క వెనకాలే వచ్చింది. "భయపడ్డానక్కా. అవతల ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి, చేతులాడలేదు..."

"చూడలేకపోయానని చెప్పుంటే నీ పక్కన నిలబడేదాన్ని. నా నెత్తిన రుద్దావు చూడు, అదే నాకు మింగుడుపడనిది."

"క్షమించు అక్కా. ఏం చెయ్యమంటే అది చేస్తా."

"ఆయన భార్య బెంచీ మీద కూర్చుంది. నిన్నట్నించి ఒకటే అడుగుతోంది, ముందే ఎందుకు పట్టుకోలేదని. వెళ్ళి చెప్పు."

చిట్టి బెంచీ వైపు చూసింది. కదల్లేదు. కొంగుతో మొహం తుడుచుకుని మెట్ల వైపు తిరిగింది.

పెద్దక్క వెళ్ళి వడ్రంగి భార్య పక్కన కూర్చుంది. "అమ్మా, నిన్న రెండింటి నించి అయిదింటి దాకా మీ ఆయన్ని ఎవరూ చూడలేదు. అప్పగించి వెళ్ళింది నేనే," అంది.