సిటీ ముద్ర ఉన్న కాగితం

1983. మిషిగన్‌లో ఒక సిటీ లైబ్రరీ, లోకల్ హిస్టరీ విభాగం. హైవే కోసం సిటీ ఏనాడో కూల్చేసిన నల్లజాతివారి పేట ఫొటోలు సేకరించే పని నాకు అప్పగించారు. వసంతానికల్లా ప్రదర్శన పెట్టాలి, లేకపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు.

పాత నివాసుల అడ్రసులు వెతికి కట్టలకొద్దీ ఉత్తరాలు పంపాను. ప్రతిదానికీ డీడ్ ఆఫ్ గిఫ్ట్ జతచేశాను. అంటే, ఫొటోను లైబ్రరీకి శాశ్వతంగా ఇచ్చేస్తున్నానని సంతకం పెట్టే ఫారం. మూడు నెలలైనా ఒక్క ఫొటో రాలేదు.

అదే ఊళ్లో లోరెటా అనే ఆవిడ బ్యూటీ పార్లర్ గోడల నిండా ఆ పేట ఫొటోలే! పెళ్లిళ్లు, చర్చి పిక్నిక్కులు, అరుగుల మీద నవ్వుతున్న ఆడవాళ్లు. ఆవిడ చదివింది హైస్కూలు. నాది లైబ్రరీ సైన్సులో మాస్టర్స్. ఒళ్లు మండిపోయింది.

“జుట్టు కత్తిరించే ఆవిడ మీద నీకెందుకే అంత కుళ్లు?” అని మా ఆయన నవ్వాడు.

“కుళ్లే! అయితే ఏంటట?” అన్నాను.

ఒక శనివారం ఫారాలు పట్టుకుని పార్లర్‌కే వెళ్లాను. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ కింద కూర్చున్న హేజల్ అనే పెద్దావిడ ఒక ఫారం తీసుకుని, పైనున్న సిటీ ముద్రను వేలితో తడిమింది.

“ఇల్లు ఖాళీ చేయమన్న కాగితం మీదా ఇదే ముద్ర. సంతకం పెట్టాను, ఇల్లు పోయింది. ఇప్పుడు మా అమ్మ ఫొటో కూడా కావాలా, హనీ?”

నేను పంపిన ప్రతి ఫారం మీదా అదే ముద్ర. అయినా ఉక్రోషం ఆగలేదు. “మరి లోరెటాకి ఎలా ఇచ్చారు?” అన్నాను.

“నాకెవరూ ఇచ్చేయలేదు,” అంది లోరెటా దువ్వెన ఆపకుండా. “కాపీ తీయించుకుని ఎవరిది వాళ్లకి తిరిగిచ్చేశాను.”

ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు, ఆవిడకి తట్టింది. అదింకా మండించింది.

తర్వాతి శనివారం ఫారాలు ఆఫీసులో వదిలేసి కాపీ స్టాండు మోసుకెళ్లాను. కెమెరాను కిందికి చూసేలా బిగించే స్టాండు అది. వాళ్ల కళ్లెదుటే ఫొటో తీసి, అసలుది వెంటనే చేతిలో పెట్టేదాన్ని. వారం వారం ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగుల్లో ఫొటోలు తెచ్చారు. హేజల్ కూడా వాళ్లమ్మ ఫొటో తెచ్చింది.

ప్రదర్శన రోజు జనమంతా లోరెటా చుట్టూనే. పోస్టరు మీదా ఆవిడ పేరే ముందు. నేనే వేయించాను, పళ్లు కొరుక్కుంటూ.

అప్పుడు హేజల్ తిన్నగా నా దగ్గరికొచ్చి, మడతలు పడ్డ కాగితం నా చేతిలో పెట్టింది. ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు.

“దీనికి కాపీ అక్కర్లేదు. ఇది మీ సిటీవాళ్లదే, మీరే ఉంచుకోండి. అందరూ చదవాలి.”

“నాకెప్పుడూ చూపించలేదే ఇది!” అంది పక్కనే ఉన్న లోరెటా. ఆ గొంతులో అసూయ వినిపించి లోలోపల గంతులేశాను. అంతలోనే ముద్ర కంటబడి తల వాలిపోయింది.

ఆ తర్వాత ఎవరి గడప తొక్కినా, ఏదైనా ఇమ్మని అడిగేముందు, మావాళ్లు ఇదివరకే అక్కడ నుంచి ఏం పట్టుకుపోయారో కనుక్కునేదాన్ని.