మసక వేసిన ముఖం

ఆత్మకూరులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ఉదయగిరి నుంచి ఒకతను చెల్లెలి నిఖా వీడియో తెచ్చి, "అమ్మ మొహం పరాయోళ్లకు కనపడగూడదంట, బ్లర్ చెయ్యన్నా" అన్నాడు. ఆమె ఎటు కదిలితే అటు మసకను జరిపాను. వీడియో ఇచ్చేశాక, ఎప్పటిలాగే మసక లేని ఒక్కగానొక్క ఒరిజినల్ చెరిపేశాను.

మొన్న మళ్లీ వచ్చాడు. అమ్మ పోయిందట. ఆధార్ కార్డు ఫొటో తప్ప ఇంకొకటి లేదట.

"ఆ రోజు ఆడోళ్ల వైపు అమ్మ బలే నవ్విందంట. నేను చూళ్లేదు. ఆ బ్లర్ తీసెయ్యన్నా."

"తుడిస్తే పోయేదానికి అదేమన్నా దుమ్మా? దాని కింద ఏం లేదబ్బా!" అని కసిరాను.

అతను తెర మీది మసకనే చూస్తూ నిలబడ్డాడు.

పరాయివాళ్లకు కనపడకూడదనుకున్న ఆ నవ్వును ఫ్రేము ఫ్రేముకూ ఆపి చూసిన పరాయివాణ్ణి నేను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.