పాతరలో పన్నెండు ఉలవలు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అందుకు పెద్ద చదువేమీ అక్కర్లేదు. కోస్గి దగ్గర మా ఊళ్ళో దయ్యాన్ని చూసినవాళ్ళంతా కల్లు దుకాణం నుంచి ఇంటికి వచ్చేటప్పుడే చూశారు. దుకాణానికి పోయేటప్పుడు ఇంతవరకూ ఒక్కరికీ కనబడలేదు.

ఇది జరిగిన రోజు నేను కల్లు తాగలేదు. రాస్తున్న ఇవాళ కూడా తాగలేదు. ముందే చెప్పుకోవడం మంచిది.

అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం. మనిషిని ఆకాశంలోకి పంపి మళ్ళీ దించారని పేపర్లో వచ్చిన రోజులవి. అప్పటినుంచి మా వృక్షశాస్త్రం సారుకు కాలు నేల మీద నిలవలేదు. అక్కడ బరువు ఉండదట, కిందా మీదా ఉండదట. మరి అక్కడ గింజ వేస్తే వేరు ఎటు పోవాలి? ఆయన క్లాసులో ఇలా అడిగితే వెనక బెంచీ నుంచి "సెలవులకు ఇంటికి పోతది సార్" అన్నది నేనే.

ఆ వారమే పట్నంలోని యూనివర్సిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. బరువు లేనట్టుండే స్థితిని నేల మీదే కల్పించి, మొక్కల మీద ప్రయోగం చేసి చూపించిన విద్యార్థులకు ఎండాకాలమంతా వాళ్ళ ప్రయోగశాలలో పని, ఆ తర్వాత పైచదువుకు చోటు. కాలేజీకి ఒక్కరే. సారు నన్ను పిలిచి, "నోరు మస్తు నడుస్తాంది గదా, జర చెయ్యి గూడ నడిపియ్యి" అని ఆ కాగితం చేతిలో పెట్టాడు.

నాకు ఆ చోటు నిజంగానే కావాలి. మా బాపు అప్పటికే తేల్చేశాడు. "ఈ యేడుతోని నీ సదువు బంద్. ఎండకాలం నుంచి మందెంబడి నువ్వే పోవాలె. నా మోకాళ్ళు నా మాట ఇంటలేవు." గొర్రెల మీద నాకు కోపం లేదు. అవి నా జోకులకు నవ్వవు, అంతే.

ప్రయోగం చెప్పడానికి సులువు. నిలబెట్టిన చక్రం మీద గింజను పెట్టి మెల్లగా తిప్పుతూ ఉంటే దానికి 'కింద' అనేది ఒకచోట నిలవదు. నేల తనను ఏ పక్కకు లాగుతోందో తేల్చుకునేలోపే ఆ పక్క మారిపోతుంది. చివరికి వేరు విసిగిపోయి, మొదట ఎటు బయలుదేరిందో అటే తిన్నగా పోతుంది. చక్రం ఆగిందా, రెండు మూడు గంటల్లో వేరు కొన కిందికి వంగిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఒక అలారం గడియారం అద్దం తీసి, నిమిషాల ముల్లు ఉండే చోట గుండ్రటి అట్టముక్క బిగించాను. గంటకు ఒక చుట్టు. దాని అంచున తడి దూదిలో పన్నెండు ఉలవలు. పక్కనే తిరగని అట్ట ఇంకొకటి, పోల్చి చూడటానికి. దానిమీదా పన్నెండే.

ఇక చీకటి కావాలి. అందుకే సారును అడిగి ఊరికి వచ్చేశాను. వెలుతురు తగిలితే మొక్క దాని వెంట పోతుంది. మా ఇంట్లో అంత చీకటి ఉన్న జాగా ఒక్కటే, పెరట్లో పాతర. జొన్నలు దాచడానికి నేలలో తవ్విన గొయ్యి అది. మూతి మనిషి పట్టేంత సన్నం, లోపల కడవలాగా వెడల్పు, పైన మూతగా బండ. చాలా ఏళ్ళుగా దాంట్లో జొన్నలు పోయడం లేదు. పోసేన్ని పండడం లేదు కాబోలు అనుకున్నాను.

మా అవ్వ మాత్రం అడ్డం పడింది.

"కొడుకా, అండ్ల దిగకు."

"ఏమున్నదవ్వా అండ్ల?"

"ఏం లేదు. అందుకే దిగకు."

ఇంతకంటే మంచి జోకు నేను కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

పాతరలో చెడుగాలి నిలుస్తుందని మా దగ్గర పసిపిల్లలకూ తెలుసు. అందుకని రోజూ గడ్డపారతో బండ జరిపి, కాసేపు గాలి ఆడనిచ్చి, లాంతరు తాడుతో దించి చూసేవాణ్ణి. అది ఆరిపోకపోతేనే, లోపలే ఉంచిన పొట్టి నిచ్చెన మీద దిగేవాణ్ణి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో గడియారానికి చావి ఇచ్చి, దూది తడిపి, ఒక్కో వేరు కొనకు సిరాతో చుక్క పెట్టి, పైకొచ్చి బండ మూసేవాణ్ణి. మర్నాటికి ఆ చుక్క దాటి ఎంత పెరిగితే అది ఆ రోజు పెరుగుదల.

నాలుగో రోజే ఆఖరు. మర్నాడు పొద్దున్నే బస్సులో రెండు అట్టలూ తీసుకుపోయి సారుకు చూపించాలి. ఇవి చెడితే మళ్ళీ మొలకెత్తించే వ్యవధి లేదు. పొద్దున పదకొండు దాటాక దిగి, చావి నిండా ఇచ్చి, ఇరవైనాలుగు చుక్కలూ పెట్టాను.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద పెద్ద చప్పుడైంది. కళ్ళలో మన్ను పడింది. టార్చి చేతిలోంచి జారి పగిలింది. ఉలిక్కిపడి వెనక్కి జరిగితే మోచెయ్యి గడియారానికి తగిలింది. టిక్కుటిక్కు ఆగిపోయింది.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. బాపు ఆ రోజు మందను ఆలస్యంగా తోలాడు. పాతర మూతి దగ్గర గొర్రెపిల్లలు ఎగురుతుంటే పడిపోతాయని బండ జరిపి మూసి, గుట్టవైపు పోయాడు. గొర్రెపిల్లల సంగతి చూసుకున్నాడు. కొడుకు లోపలున్నది ఆయనకు తెలియదు.

అరిచాను. నా అరుపు నాకే తిరిగొచ్చింది. నిచ్చెనెక్కి నెత్తితో బండను నెట్టాను. నెత్తి తప్ప ఏదీ కదల్లేదు. అరిచినకొద్దీ గాలి అయిపోతుందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు అంతసేపు మూసుకోవడం అదే మొదలు.

గడియారాన్ని తడిమి మళ్ళీ నడిపిద్దామా అనుకున్నాను. చీకట్లో చెయ్యి పెడితే మొలకలు చితికిపోతాయి. అందుకని దూరంగా జరిగి గోడకు ఆనుకుని కూచున్నాను. దాన్ని నేను ముట్టలేదు. ఇది ఎన్నిసార్లయినా ప్రమాణం చేసి చెప్తాను. చక్రం ఆగింది, వేళ్ళు వంగుతుంటాయి, నేను ఇక్కడ చచ్చినా బతికినా ఎండాకాలం నుంచి గొర్రెలే అనుకున్నాను.

కొంతసేపటికి ఏది గోడో, ఏది నేలో తెలియకుండా పోయింది. గోడకు ఆనుకుని కూచున్నానో, గోడ మీద పడుకున్నానో చెప్పలేను. అప్పుడు అర్థమైంది, ఆ గోతిలో నేను పదమూడో ఉలవనని.

అప్పుడే వినబడింది. సుయ్‌మని తిరిగి, ఆగి, మళ్ళీ సుయ్‌మని. గొర్రె బొచ్చు దారంగా వడికే కదురు చప్పుడు. గొంగళ్ళు నేసే ఇళ్ళల్లో పుట్టినవాడికి ఆ చప్పుడు పొరపడే చప్పుడు కాదు. అవ్వ పైన మూతి పక్కనే కూచుని వడుకుతోందనుకున్నాను. పిలిచాను. పలకలేదు. ముసలిదానికి చెవుడు వచ్చిందని తిట్టుకున్నాను. అయినా ఆ చప్పుడు ఉన్నంతసేపూ నాకు భయం వెయ్యలేదు. ఆగుతుందేమోనన్నదే భయం.

చివరికి మూతి పక్కన విడిచిన నా చెప్పులు అవ్వ కంట్లో పడ్డాయి. ఆమె అరుపుకు పక్కింటివాళ్ళు ఉరికొచ్చి బండ జరిపారు. నన్ను పైకి లాగేసరికి పొద్దు గుట్ట మీదికి వాలింది. నాలుగు దాటి ఉంటుంది.

ఊపిరి అందగానే నేను అన్న మొదటి మాట, "గింత పక్కపొంటి కూసోని కదురు తిప్పుతవు, నా మొత్తుకోలు ఇనరాలేదా అవ్వా?"

అవ్వ నా నెత్తి మీది మన్ను దులిపింది.

"నేను కదురు ముట్టక పద్నాలుగేండ్లాయె కొడుకా."

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. పద్నాలుగేళ్ళ కింద, రాజ్యం మారేముందటి గడబిడ రోజుల్లో, తన తమ్ముడు మల్లయ్యను వెతుక్కుంటూ మనుషులు వస్తే, ఆమే అతన్ని పాతరలో దింపింది. పొద్దుపోవడానికి ఇంత బొచ్చూ, తన కదురూ ఇచ్చింది. గుర్తు పట్టకుండా బండ చుట్టూ మన్ను మెత్తింది. వచ్చినవాళ్ళు మూడు రోజులు ఊరు వదల్లేదు.

"తీసి సూస్తే దారం మస్తు వడికిండు" అంది. అప్పటినుంచే ఆ పాతరలో జొన్నలు పోయలేదట. నేను జోకు వెయ్యలేదు.

చెడుగాలికి చెవుల్లో ఏవేవో వినిపిస్తాయని సారు తర్వాత చెప్పాడు. ఒప్పుకుంటాను. కదురు చప్పుడును నేనూ అలాగే కొట్టిపారేశాను. కానీ అట్టలు పైకి తీసి చూశాక కొట్టిపారేయడానికి ఏమీ దొరకలేదు.

తిరగని అట్ట మీద పన్నెండు వేళ్ళూ కిందికే ఉన్నాయి. గడియారం మీది పన్నెండూ ఎటువి అటే తిన్నగా ఉన్నాయి. సిరా చుక్క దాటి ఒక్కొక్కటి గోరంత పెరిగింది. ఆ గోరంత కూడా తిన్నగానే పెరిగింది. ఒక్క కొన కూడా వంగలేదు. గడియారానికి చావి తిప్పబోతే తిరగలేదు, నేను ఇచ్చింది నిండుగా అట్లాగే ఉంది. మహబూబ్‌నగర్‌లో గడియారాలు బాగుచేసేటాయన దాన్ని విప్పి, లోపలి ఇరుసు విరిగిందనీ, దెబ్బ తగిలాక అది ఒక్క టిక్కు కూడా కొట్టి ఉండదనీ చెప్పాడు.

అంటే అయిదు గంటలపాటు ఆ చక్రాన్ని ఎవరో తిప్పి ఉండాలి. గంటకు ఒక చుట్టు, తొందరపడకుండా, అలసిపోకుండా.

యూనివర్సిటీకి పంపే ఫారంలో ఒక గడి ఉంది: 'చక్రాన్ని తిప్పిన సాధనం'. దానిముందు ఒక పూటంతా కూచుని, చివరికి 'గడియారం' అని రాశాను. చోటు నాకే వచ్చింది. బండ మూసింది తానే కాబట్టి, బాపు మంద మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ మోకాళ్ళతోనే పోతున్నాడు.

పట్నంలో చక్రం కరెంటుతో తిరుగుతుంది. ఆ ఎండాకాలంలో కరెంటు ఎన్నోసార్లు పోయింది. పోయినప్పుడల్లా నేను స్టూలు లాక్కుని దాని పక్కన కూచుని చూశాను. ప్రతిసారీ వేళ్ళు కిందికి వంగాయి. ఒక్కసారి కూడా ఎవరూ రాలేదు.

సెలవులకు ఇంటికి పోతే అవ్వ అడిగింది. "గాడ నీ సక్రం ఎవలు తిప్పుతరు కొడుకా?"

"కరెంటు తిప్పుతదవ్వా."

"కండ్లవడ్తదా?"

"పడదు."

"మరి గట్లనే" అని లేచి లోపలికి పోయింది.

ప్రతి మాటకూ ఒక మాట తగిలించే నోరు నాది. మూడేళ్ళయింది. దీనికి మాత్రం ఇంకా దొరకలేదు.