దగ్గితే లేచి నిలబడే ఇల్లు

జ్వరం ఐదు రోజుల్లో పోయింది. దగ్గు మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున లేవగానే గొంతులో కఫం అడ్డం పడేది, ఎంత ఖాండ్రించినా ఊడి వచ్చేది కాదు. కర్నూలులో డాక్టరు గొట్టం పెట్టి చూసి, "జ్వరం ఎప్పుడో పోయింది పెద్దాయనా. దగ్గు, గళ్ల ఇంకొన్ని వారాలు ఉంటాయి. వేడినీళ్లు తాగు, ఆవిరి పట్టు. ఆయాసమొస్తే, రక్తం పడితే మాత్రం వెంటనే రా" అన్నాడు. రోగం పోయాక కూడా రోగిలా బతకమంటే ఎవరికి మండదు?

భార్య పోయాక కల్లూరులో కొడుకు కట్టుకున్న కొత్త ఇంట్లో ఉంటున్నాను. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో ఇంటి పెద్ద వంటింటి వైపు పోయేముందు గుమ్మం బయటే ఒకసారి దగ్గుతాడు. లోపలున్న కోడలు సర్దుకుని లేచి నిలబడాలి. మా నాయన అలాగే దగ్గేవాడు, నా భార్య అలాగే లేచేది. నేనూ నా కోడలికి ఆ మర్యాదే అలవాటు చేశాను. అందులో కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని దగ్గుతూ వంటింటి కిటికీలోంచి చూశాను. కోడలు అన్నం ముందు కూర్చుని ఉంది. నేను దగ్గాను, లేచింది. నేను రాలేదు, కూర్చుంది. మళ్లీ దగ్గాను, మళ్లీ లేచింది. నాలుగోసారికి కంచం గట్టు మీద పెట్టుకుని నిలబడే తిన్నది.

నాకు సిగ్గేసింది. లోపలికి పోయి, "అమ్మా, నేను వస్తాండానని కాదు దగ్గేది. ఇది రోగం. నువ్వు లేయొద్దు" అన్నాను.

"తెలుసు మామా. కాళ్లే లేస్తాండాయి. నేనేం చేసేది?" అంది.

ఆ సాయంత్రమే మిద్దె మీది గదికి మంచం ఎక్కించుకున్నాను. గాలి బాగుంటుందని కొడుకుకు చెప్పాను. పైన ఇష్టమొచ్చినట్టు దగ్గాను, ఎవరూ లేవలేదు. మొదటి రెండు రోజులు హాయిగానే ఉంది. ఆ తర్వాత నీళ్ల ట్యాంకు నిండే చప్పుడు కోసం కూడా ఎదురుచూశాను. కోడలు క్యారియరు తెచ్చి గుమ్మంలో పెట్టి, "తిను మామా" అని దిగిపోయేది. భార్య పోయినప్పుడు కూడా నేనింత ఒంటరినని అనిపించలేదు.

వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున గొంతు తేటగా ఉంది. మధ్యాహ్నం దాకా ఒక్క దగ్గు రాలేదు. కింద వాళ్లతో కూర్చుని తిందామని ఆశగా మెట్లు దిగాను. గుమ్మం దగ్గర ఆగాను. కొడుకూ కోడలూ నేల మీద పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంటూనే ఏదో చెబుతూ పడీపడీ నవ్వుతోంది. ఆ నవ్వు ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. దగ్గితే ఆగిపోతుంది. దగ్గకుండా లోపలికి పోవడం నాకు చేతకాదు. చెప్పుల చప్పుడు కాకుండా పైకి వచ్చేశాను.

సాయంత్రం కొడుకు పైకొచ్చాడు. "దగ్గు వినపడలేదే నాయనా? తగ్గింటే కిందికొచ్చెయ్. ఈడ ఒక్కనివి ఎందుకు?"

"యాడ తగ్గింది రా? ఇంకా ఉండాది" అన్నాను.

నమ్మలేదేమోనని రెండుసార్లు గట్టిగా దగ్గాను. వాడు కాసేపు నా వీపు రాసి, మందు తెస్తానని దిగిపోయాడు.